తాతిక్ ఎడమ చేతి పక్కన

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకేవేవి రావో నాకు బాగా తెలుసు. ఈత రాదు, కారు వెనక్కి తీయడం రాదు, దోసె చిరగకుండా పెనం మీంచి లేపడం రాదు, డాన్సు అసలే రాదు. పదహారేళ్ళు గడిచాయి. ఇప్పటికీ అవేవీ రావు గానీ, రానివి వచ్చినట్టు మొహం పెట్టడం మాత్రం వచ్చింది. దాన్నే అనుభవం అంటారని మా మేనేజరు ఒకసారి చెప్పాడు. ఇంజనీరింగ్ కాలేజీ చివరి రోజున మా బ్యాచ్ అంతా స్టేజి మీద గంతులేస్తుంటే నేను తెర వెనక కూర్చుని ఒక పాట అయిపోగానే ఇంకో పాట పెట్టే పని చేశాను. అందులోనూ జోరైన పాట పెట్టాల్సిన చోట జోలపాట పెట్టి తిట్లు తిన్నాను. అలాంటివాణ్ణి ఒక ఆర్మేనియన్ పెళ్ళిలో, నిండు హాల్లో, వరసలో రెండోవాడిగా నిలబడి వాళ్ళ జానపద నృత్యం చేశానంటే మా ఆవిడ నమ్మదు. (ఫోటో ఉంది. అందులో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి కాబట్టి సాక్ష్యంగా చెల్లదంటుంది.)

అప్పట్లో నేను లాస్ ఏంజిలస్ పక్కనున్న గ్లెండేల్‌లో ఉండేవాణ్ణి. ఆ ఊళ్ళో ఆర్మేనియన్లు ఎంతమందంటే, బేకరీల బోర్డుల మీదా పళ్ళడాక్టర్ల బోర్డుల మీదా ముందు వాళ్ళ లిపే కనిపిస్తుంది. ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి ఆర్మేనియనే. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దానికి తగ్గ మీసాలు. మనసులో అతన్ని మీసాలు అని పిలుచుకునేవాణ్ణి, కొన్నాళ్ళకి నోరుజారి పైకే అనేశాను. అర్థం అడిగి తెలుసుకుని గర్వపడ్డాడు. ఉండటానికి గది దొరక్క నేను అవస్థ పడుతుంటే, వాళ్ళ నాయనమ్మ ఇంటి పెరట్లో ఒక గదీ చిన్న వంటిల్లూ ఖాళీగా ఉన్నాయని తీసుకెళ్ళింది కూడా అతనే. నాయనమ్మని వాళ్ళ భాషలో తాతిక్ అంటారు. ఆవిడ అసలు పేరు నోరు తిరగక నేనూ తాతిక్ అనే పిలిచేవాణ్ణి, ఆవిడా పలికేది.

తాతిక్‌కి అప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, నల్ల గౌను, తెల్లటి జుట్టు, ఎవరినైనా ముందు కాళ్ళ దగ్గర్నుంచి చూడటం మొదలుపెట్టే అలవాటు. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు మాటలు ఓ నలభై ఉండేవేమో, వాటితోనే నాకు అన్నం తిన్నావా అనీ, చలికోటు వేసుకోలేదేం అనీ, తలంటుకుని ఎన్నాళ్ళయిందనీ అన్నీ చెప్పగలిగేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఒక మడతకుర్చీ వేసి ఉండేది. అందులో కూర్చుని అడుగున మడ్డి మిగిలే చిక్కటి కాఫీ చిన్న కప్పుడు తాగితే గానీ నా గదిలోకి పోనిచ్చేది కాదు. ఆ వేసవికి ముందే ఆవిడ కుడి మోకాలు మార్చారు. వాకర్ పట్టుకుని నడిచేది, వాకర్‌ని మాత్రం శత్రువుని చూసినట్టు చూసేది.

ఆ ఏడు అక్టోబరులో మీసాల పెళ్ళి. ఇక్కడే నా కథ మొదలవుతుంది. వాళ్ళ వంశంలో ఏ పెళ్ళయినా తాతిక్ పుట్టిన ఊరి ఆట ఒకటి ఆడి తీరాలి. కుర్రాళ్ళందరికీ వచ్చే కొచారి లాంటి హుషారు ఆట కాదు అది, నెమ్మదైనది. అందరూ భుజానికి భుజం ఆనించి, చేతులు కిందికి చాచి, వేళ్ళు వేళ్ళలో పెనవేసి లోపలికి తిరిగి గుండ్రంగా నిలబడతారు. వరసకి కుడిచివర నిలబడేవాళ్ళు నాయకులు, వాళ్ళ కుడిచేతిలో తెల్ల రుమాలు ఉంటుంది. యాభై ఏళ్ళుగా ఆ రుమాలు తాతిక్‌దే. ఆవిడ ఎడమ చేతి పక్కన వాళ్ళాయన నిలబడేవాడట. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మోకాలు కూడా పోయింది. ఎడమవైపు గట్టి ఊతం ఉంటే ఒక్క పాటకి ఆడొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు గానీ, ఊతం లేకపోతే కుర్చీలోంచి లేవడానికి వీల్లేదన్నాడు. మనవడి పెళ్ళిలో కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వస్తే ఆ పెళ్ళికి రానేరానని తాతిక్ పంతం పట్టింది.

ఊతమంటే వాళ్ళింట్లో మనుషులకి కొదవా? కొడుకులు, అల్లుళ్ళు, మనవలు అందరూ తాటిచెట్లంతేసి ఉన్నారు. అదే వచ్చిన చిక్కు. వాళ్ళ పక్కన నిలబడి వేళ్ళు పెనవేస్తే తాతిక్ చెయ్యి పైకి లేచిపోయి, దండెం మీద ఆరేసిన చొక్కాలా వేలాడేది. బరువు ఆనించుకోవాలంటే పక్కవాడి భుజం తన భుజానికి సమానంగా ఉండాలి. ఒక ఆదివారం ఆవిడ నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, భుజం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, తనది కూడా గీయించుకుని, రెండూ చూసుకుని ఎంతో తృప్తిగా "గుడ్ బాయ్, షార్ట్ బాయ్" అంది. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. (సంబంధాల కోసం అమ్మ రాయించిన బయోడేటాలో అయిదూ ఆరు. అందులో మూడంగుళాలు బూట్లవి.) పొట్టివాణ్ణయినందుకు నన్నొకరు ఏరి కోరి ఎంచుకోవడం జీవితంలో అదే మొదటిసారి. డాన్సు రాదని చెప్పే లోపలే కాఫీ చేతిలో పెట్టేసింది.

పాఠాలు వాళ్ళ ముందుగదిలో, కార్పెట్టు చుట్టి పక్కన పెట్టి, పాత సీడీ ప్లేయరులో మన సన్నాయికి దగ్గర చుట్టంలా ఉండే జుర్నా, దానితో డోలు మోగుతుంటే జరిగేవి. చెప్పుకోవడానికి ఆ ఆటలో ఏమీ లేదు. రెండడుగులు కుడికి వేయాలి, ఒకడుగు ఎడమకి వెనక్కి రావాలి. మళ్ళీ రెండు పోవాలి, ఒకటి రావాలి. బ్రతుకు కూడా ఇంతేనని మీసాలు గంభీరంగా చెప్పాడు. (అతనికి ఆ వారంలోనే ప్రమోషన్ వచ్చింది, చెప్పడానికేం.) అంత తేలికైన ఆట నాకు నెల రోజులు పట్టినా రాలేదు. పాట మొదలవగానే తాతిక్ కుడికి కదిలేది, నా కాళ్ళు నన్నడక్కుండా ఎడమకి కదిలేవి. ఆవిడ వాకర్ అందుకుని నిలదొక్కుకుని, నా కాళ్ళకేసి అసహ్యంగా చూసి, వేలు ఊపుతూ పాఠం మొత్తం నాలుగు మాటల్లో చెప్పేది.

"లెఫ్ట్, సెమెటరీ. రైట్, వెడ్డింగ్."

అంటే ఆవిడ ఊళ్ళో శుభానికి వరస కుడికే కదలాలి, ఎడమకి కదిలేది చావు జరిగినప్పుడు మాత్రమేనట. పెళ్ళిలో ఎడమకి తిరిగానంటే నేను పెళ్ళికొడుకుని సాగనంపుతున్నట్టు లెక్క. అది నా బుర్రకి తెలిసింది గానీ కాళ్ళకి తెలియలేదు. వాటికి తెలిసిన నాట్యం ఒక్కటే, ప్రదక్షిణం. చిన్నప్పుడు శనివారం శనివారం ఆంజనేయస్వామికి పదకొండు, పరీక్షలప్పుడు ఇరవయ్యొకటి, ఎంసెట్ ముందు నూట ఎనిమిది తిరిగిన కాళ్ళవి. ప్రదక్షిణమంటే మధ్యలో ఉన్న దేవుడు ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉండాలి. లోపలికి తిరిగి నిలబడ్డ మనిషి అలా తిరగాలంటే ఎడమకే కదలాలి. తాతిక్ చెప్పినట్టు కుడికి కదిలితే మధ్యనున్నది ఎడమచేతి వైపుకి వచ్చేస్తుంది. అది మనవాళ్ళు శ్మశానంలో తిరిగే తిరుగుడు. ఇంత తర్కం నేను అప్పుడు ఆలోచించలేదు, కాళ్ళే ఆలోచించాయి.

అయినా రెండో నెలకి ఏదో ఒక దారిన పడ్డాను. పాటకి పదిసార్లలో ఏడెనిమిదిసార్లు కుడికే వెళ్ళేవాణ్ణి. సరిగ్గా అప్పుడు మా అమ్మ వచ్చింది. నాన్నకి సెలవు దొరక్క, ఆర్నెల్లు నా దగ్గర ఉండి నాకు తిండి అలవాటు చేసి రమ్మని ఆవిణ్ణి ఒక్కదాన్నే విమానమెక్కించారు. రెండు పెట్టెల్లో ఒకటి పచ్చళ్ళే. తాతిక్‌కీ అమ్మకీ మొదటి రోజునే కుదిరిపోయింది. ఆవిడ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి, మాంసం వేయకుండా, అమ్మకోసం విడిగా వండి తెచ్చింది. అమ్మ గోంగూర పచ్చడి పట్టుకెళ్ళింది. తాతిక్ అది రొట్టెకి రాసుకుని తిని, కళ్ళు తుడుచుకుని, సీసా తీసి తన మంచం పక్కన పెట్టుకుంది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. గంటలకి గంటలు మాట్లాడుకునేవాళ్ళు. అమ్మ ఆవిణ్ణి పెద్దమ్మగారూ అని పిలిచేది.

మూడో రోజు సాయంత్రం అమ్మ మా డాన్సు పాఠం చూసింది. తలుపు దగ్గర నిలబడి రెండు చుట్లు చూసింది. గదికొచ్చాక తలుపు వేసి మొదలుపెట్టింది.

"ఏరా, అప్రదక్షిణంగా తిరుగుతున్నావేంట్రా? అదీ పెళ్ళి పాటకి?"

వాళ్ళకి అదే శుభం అని చెప్పాను. వాళ్ళకి శుభమైతే వాళ్ళు తిరగాలి, నువ్వెందుకు తిరగడం అంది. ఆవిడకి మోకాలు బాగాలేదు, నా ఎత్తు సరిపోయింది అని చెప్పాను. అమ్మ ముసలావిడకి సాయం చెయ్యొద్దని అనలేదు, అనే మనిషి కాదు. అలాగని ఊరుకోనూ లేదు. వాళ్ళ పిల్లాడికి పెళ్ళి కుదిరింది సరే, నా పిల్లాడికింకా కుదరలేదు కదా, చేజేతులా అపసవ్యం తిరిగి తెచ్చుకోవడమెందుకు అని ఆవిడ బాధ. చివరికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. అటు ఎన్ని చుట్లు తిరిగితే, గదికొచ్చే లోపల ఇటు దానికి రెట్టింపు తిరిగెయ్యాలి. లెక్క చెల్లిపోతుంది. నేను సరేనన్నాను. ఇద్దరు పెద్దవాళ్ళనీ సంతోషపెట్టే తెలివైన ఏర్పాటనుకున్నాను. నా అంత తెలివితక్కువవాడు కాలిఫోర్నియా మొత్తంలో లేడని తెలియడానికి నెలన్నర పట్టింది.

పెరట్లో దానిమ్మ చెట్టు ఒకటుండేది. రోజూ తాతిక్ పాఠం అయిపోగానే దాని చుట్టూ ప్రదక్షిణాలు. అమ్మ గుప్పిట్లో వేరుశనగ గింజలు పట్టుకుని, చుట్టుకొకటి చొప్పున నా చేతిలో పెట్టేది. నేను నోట్లో వేసుకునేవాణ్ణి. నాలుగో రోజున పెరటి తలుపు ధడాలున తెరుచుకుంది. తాతిక్ వాకర్‌ని నేలకేసి కొడుతూ వచ్చి నాకు అడ్డంగా నిలబడింది. ఆ చెట్టు వాళ్ళాయన నాటింది. తనకి తెలిసినంతలో నేను ఆయన చెట్టు చుట్టూ రోజూ చావు తిరుగుడు తిరుగుతున్నాను, పక్కన మా అమ్మ గింజలు లెక్కపెడుతోంది. చెట్టు కాండం తడిమి చూసుకుని, నా మీద సిలువ గుర్తు వేసింది. అమ్మకి విషయం క్షణంలో అర్థమైంది, ఎందుకంటే మూడు రోజుల క్రితం తన గుండె కూడా అలాగే జారింది. తాతిక్ కుడికి చెయ్యి చూపించి నవ్వింది, ఎడమకి చూపించి కళ్ళు మూసుకుని మెడ వాల్చేసింది. అమ్మ ఎడమకి చూపించి దణ్ణం పెట్టింది, కుడికి చూపించి ముక్కులో దూది పెట్టుకున్నట్టు అభినయించింది. తరవాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శనివారం మీసాలు వచ్చి అటు మాట ఇటు చెప్పేదాకా ఆగక్కర్లేకపోయింది. ఒకరంటే ఒకరికి గౌరవం పెరిగింది గానీ ఎవరి వైపు వాళ్ళు వదల్లేదు. ఒప్పందం ఏమిటంటే, నేను తాతిక్ దగ్గర కుడికే తిరగాలి, అమ్మ లెక్క మాత్రం ఆయన చెట్టు చుట్టూ కాకుండా నా గదిలో ఇస్త్రీ బల్ల చుట్టూ చెల్లించాలి.

అలా నెలన్నర. రోజూ ముందుగదిలో ఇరవై చుట్లు కుడికి, నా గదిలో నలభై చుట్లు ఎడమకి. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి, ఇరవై కన్నా నలభై ఎక్కువని తట్టలేదు. తాతిక్ దగ్గర నేర్చుకున్నది తెల్లవారేసరికి ఇస్త్రీ బల్ల చెరిపేస్తోందని కూడా తట్టలేదు. తాతిక్ మాత్రం నా మీద నమ్మకంతో రోజురోజుకీ ఎక్కువ బరువు ఆనించసాగింది. మొదట్లో వేళ్ళు పట్టుకునేది, తరవాత మోచెయ్యి, చివరి వారానికి ఎడమవైపు మనిషి మొత్తం నా మీదే ఉండేది. ఒకరోజు పాట మధ్యలో తల తిప్పకుండానే, వాళ్ళాయన పేరు పెట్టి నన్ను ఏదో మందలించింది. ఆవిడ గమనించలేదు. నేను విననట్టే ఊరుకున్నాను, ఆ సాయంత్రం మొత్తం ఒక్క అడుగు కూడా తప్పలేదు.

పెళ్ళి రోజు వచ్చింది. చర్చిలో తంతు అయ్యాక హాల్లో విందు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ గుమ్మం దాటుతుంటే భుజాల మీద పల్చటి రొట్టెలు దుప్పట్లలా కప్పారు, కాళ్ళ కింద పళ్ళేలు పెట్టి పగలగొట్టించారు. అమ్మ కంచిపట్టు చీరలో ముందు వరస టేబుల్ దగ్గర కూర్చుని అన్నీ చాలా శ్రద్ధగా చూసింది. పళ్ళేలు పగలగొట్టడం ఒక్కటీ నచ్చలేదు, మంచి పింగాణీ అంది. జుర్నా ఎత్తుకోగానే తాతిక్ లేచింది. వాకర్‌ని టేబుల్‌కి ఆనించి, దానికేసి చూడను కూడా చూడకుండా, నా చెయ్యి పట్టుకుని హాలు మధ్యకి నడిచింది. చేతిలో తెల్ల రుమాలు. మీసాలూ పెళ్ళికూతురూ వలయం మధ్యలో నిలబడ్డారు. నా ఎడమ చేతిని ఆవిడ పెద్దకొడుకు పట్టుకున్నాడు, అతని తరవాత ఇంకో నలభై మంది. నలభై మంది ఆరడుగుల మనుషులకి ముందు మేమిద్దరం. ఎవరో ఫోటో తీశారు, అదే పైన చెప్పింది.

మొదటి రెండు చుట్లూ బాగానే నడిచాయి. రెండు పోయాం, ఒకటి వచ్చాం. నేను పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాను. తాతిక్ రుమాలు గాలిలో చిన్నగా తిరుగుతోంది, మొహంలో పదేళ్ళు తగ్గాయి. మూడో చుట్టులో డోలు వాయించేవాడికి ఉత్సాహం వచ్చి జోరు పెంచాడు. నా లెక్క తప్పింది. తప్పిన క్షణంలో బుర్ర పక్కకి తప్పుకుంది, కాళ్ళు పగ్గాలందుకున్నాయి, రోజుకి నలభై చుట్ల కాళ్ళు. నేను ఎడమకి వెళ్ళాను. వెళ్ళడమంటే మామూలుగా కాదు, ఆవిడ పాదం తొక్కి మరీ వెళ్ళాను. ఆవిడ బరువంతా కుడికి, నేను ఎడమకి, మధ్యలో మా చేతులు సాగిపోయాయి. ఆవిడ మోకాలు మడతపడింది. రుమాలున్న చెయ్యి గాలిలోకి లేచింది. వరసలో నలభై మంది ఒకరి మీద ఒకరు పడి ఆగారు. తాతిక్ పడిపోతోందని నాకు తెలుస్తోంది.

పట్టుకున్నది అమ్మ. టేబుల్ దగ్గర్నుంచి ఎప్పుడు లేచిందో, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ఎలా వచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి తాతిక్ కుడిచెయ్యి రుమాలుతో సహా అమ్మ చేతిలో ఉంది, అమ్మ భుజం ఆవిడ భుజానికి ఆని ఉంది. (అమ్మదీ నా ఎత్తే. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు.) ఎవరో కుర్చీ తెచ్చారు. తాతిక్ దాన్ని కాలితో పక్కకి నెట్టేసింది. వాయిద్యాలు ఆగలేదు. వాయించేవాళ్ళకి ఏం జరిగిందో తెలియలేదు. అప్పుడు నాకు విషయం తట్టింది. వరసకి కుడిచివర ఉన్నవాళ్ళే నాయకులు. ఇప్పుడు ఆ చివరనున్నది మా అమ్మ. అమ్మ ఎటు అడుగేస్తే నలభై మందీ అటే వెళ్ళాలి. తాతిక్ తల తిప్పి అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, నాకేసి చూడకుండానే తెలుగులో అంది.

"కుడికాలు వెయ్యరా. రెండటు, ఒకటిటు. పెద్దమ్మగారి పాదం తొక్కకు."

కుడికి వెళ్ళింది. తాతిక్ వెళ్ళింది, నేను వెళ్ళాను, నా వెనక తాటిచెట్లన్నీ కదిలాయి. నెలన్నరగా తలుపు దగ్గర నిలబడి రామ రామ అనుకుంటూ చూసిందనుకున్నానే, అమ్మ అడుగులన్నీ నేర్చేసుకుంది. ఎక్కడా తప్పు లేదు. గాజుల చేత్తో రుమాలు కూడా ఊపింది. తాతిక్ ఇద్దరి మధ్యా తేలుతున్నట్టు వెళ్ళింది. మధ్యలో నిలబడ్డ మీసాలు మీసాలు తడిసేలా ఏడ్చాడు. నాలుగు చుట్లు, పాట ఆఖరి దెబ్బ దాకా. తాతిక్ కుర్చీలో కూర్చోలేదు, ఆగిన చోటే నిలబడి అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది. అమ్మ బొట్టు ఆవిడ పెదాలకి అంటుకుంది.

ఆ తరవాత జరిగిందే నేను ఇన్నేళ్ళూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పనిది. చుట్టాలందరూ తాతిక్ చుట్టూ మూగి ఏమైంది, ఎందుకు తూలావని అడిగారు. పెద్దకొడుకు నాకేసి చూశాడు. నా కాలే అని చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. ఆ లోపలే తాతిక్ తన కుడి మోకాలి మీద ఫట్‌మని చరిచి, పెద్దగా ఏదో అని నవ్వేసింది. మోకాలు మొరాయించిందని చెప్పిందట. నేను నోరు మూసుకున్నాను. ఆ మాటకి ఆవిడ మూల్యం చెల్లించింది. వారమంతా కొడుకులు డాక్టరు చుట్టూ తిప్పారు, మొండితనం చేశావని కోడళ్ళు దెప్పారు, వాకర్ లేకుండా పెరట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. కిటికీలోంచి ఇదంతా చూస్తూ నేను లాప్‌టాప్‌లో తల దూర్చుకుని కూర్చున్నాను.

పెళ్ళి అయిన రాత్రి కారులో తిరిగొచ్చేటప్పుడు, ఇస్త్రీ బల్ల చుట్టూ ఈసారి ఎన్ని చుట్లు తిరగాలని అమ్మని అడిగాను. అమ్మ కాళ్ళు నొక్కుకుంటూ, ఏమీ అక్కర్లేదు పడుకో అంది. కారు దిగుతూ తనే చెప్పింది. "ఒక మనిషి బరువంతా మన చేతిమీద పడ్డాక, ఇది ఏ వైపా అని చూసుకుంటావంట్రా?" ఆ మరుసటేడు నా పెళ్ళి కుదిరింది. తిరుగుడు వల్ల చెడేమీ జరగలేదని అమ్మ ఒప్పుకుంది, మంచి జరిగిందని మాత్రం ఒప్పుకోలేదు.

నేను తాతిక్‌కి నిజం చెప్పడానికి నెల పట్టింది. ఒక సాయంత్రం మడతకుర్చీలో కూర్చుని, కాఫీ సగం తాగి, కప్పులోకి చూస్తూ, ఆ రోజు మీ మోకాలు కాదు, నా కాలు అని నాకొచ్చిన ఇంగ్లీషునంతా కుదించి ఆవిడ నలభై మాటల్లోకి తెచ్చి చెప్పాను. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు సారీ కూడా చెప్పాను. తాతిక్ ఆశ్చర్యపోలేదు. వంగి తన ఎడమకాలి చెప్పు విప్పింది. బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

"ఐ నో," అంది. "మై ఫుట్."

చెప్పు మళ్ళీ తొడుక్కుని, నా కప్పు అందుకుని, ఇంకొంచెం పోసి ఇచ్చింది. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాలుగేళ్ళ తరవాత ఆవిడ నిద్రలో పోయింది. అప్పటికి నేను శాన్ రామన్‌కి మారిపోయాను, కారులో ఆరు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను. ఆవిడకి చెప్పాల్సిన కృతజ్ఞత నా దగ్గర చాలా ఉండిపోయింది. పరాయి ఊళ్ళో ఏమీ చేతకాని కుర్రవాణ్ణి నమ్మి బరువు ఆనించినందుకు ఒకటి. ఆ నమ్మకాన్ని నేను నలుగురిలో తొక్కేసినా, నా పరువు కాపాడటానికి యాభై ఏళ్ళ పేరున్న తన కాలినే తప్పుపట్టుకున్నందుకు ఇంకొకటి.

ఇప్పుడు నా కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఆర్నెల్ల క్రితం, కొత్తగా చేరిన అమ్మాయి ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కి, సిస్టమ్ మొత్తాన్ని ఒక గంటసేపు పడుకోబెట్టింది. పెద్దవాళ్ళ మీటింగులో కారణం అడిగారు. ఆ అమ్మాయి మొహం తెల్లబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ మొహాన్ని నేను ఎరుగుదును. నేను సరిగ్గా చూసుకోకుండా ఓకే చేశాను, పొరపాటు నాదేనన్నాను. మీటింగయ్యాక బయటికొస్తుంటే ఆ అమ్మాయి వెనకే వచ్చి, ఎందుకలా చెప్పారని అడిగింది. తెలుగమ్మాయే. ఏం చెప్పాలో తోచక, నా మోకాలు కొంచెం తేడాగా ఉందమ్మా అన్నాను. పాపం, నిజమనుకుని, నన్ను లిఫ్ట్ దాకా జాగ్రత్తగా నడిపించుకెళ్ళింది. నేనూ కాదనలేదు, కొంచెం కుంటాను కూడా.